దడదడలాడే చిత్రిక: తప్పు బ్లేడుది కాదు

ప్రశ్న: సార్, నేను వృత్తి వడ్రంగిని కాను. ఇంట్లో ఒక గదిని పనికి కేటాయించుకుని సెలవు రోజుల్లో చేతి పనిముట్లతో చెక్కపని చేస్తుంటాను. రెండు నెలలు తంటాలు పడి టేకుతో ఒక చిత్రిక, అంటే చెక్కను పొరలుగా చెక్కి నున్నగా చేసే పనిముట్టు, తయారుచేశాను. దిమ్మను నిలువునా మూడు ముక్కలు చేసి, మధ్య ముక్కలో బ్లేడు ఆనే వాలు 45 డిగ్రీలకు, ముందు గోడ 60 డిగ్రీలకు కోసి, పక్క చెక్కలు మళ్లీ అతికించే పద్ధతి. బ్లేడు 45 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం. దాని మీద బిగించే పైరేకుతో సహా కొన్నాను. చేతి మీద వెంట్రుకలు తెగేంత పదును పెట్టాను. అయినా తోస్తే దడదడలాడుతోంది, చెక్క మీద అడ్డగీతలు పడుతున్నాయి. నాలుగు తోపులకే గొంతు, అంటే పొరలు పైకి వచ్చే ఖాళీ, పొరలతో నిండి బిగుసుకుపోతోంది. అడుగు చదునుగా లేదేమోనని గరుకు కాగితం మీద రుద్దుతూ పోతే అడుగున బ్లేడు కొస బయటికి వచ్చే సందు, అంటే నోరు, 3 మి.మీ. దాకా తెరుచుకుంది. ఇంకా మందం బ్లేడు కొనమంటారా? టేకు పనికిరాదంటారా? లేక ఇదంతా మానేసి ఇనుప చిత్రిక కొనుక్కోమంటారా?

సమాధానం: ముందు ఒక మాట. ఇప్పుడేమీ కొనకండి. వెంట్రుకలు తెగుతున్నాయంటే మీ బ్లేడుకు ఏ లోటూ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చిత్రిక మొరాయిస్తే మనందరం మొదట తిట్టేది బ్లేడునే. నేనైతే తిట్టి ఊరుకోలేదు, నా మొదటి చిత్రికకు వరసగా మూడు బ్లేడ్లు మార్చాను. మూడూ ఒకే రకంగా దడదడలాడాయి. నాలుగోది కొనడానికి బయల్దేరే ముందు, ఎందుకో దిమ్మను కిటికీ వైపు తిప్పి గొంతులోకి చూశాను. బ్లేడు ఆనే వాలు మధ్యలో ఆవగింజంత ఎత్తున ఒక బుడిపె. రంపం కోత కాస్త వంకర పోయిన చోట మిగిలిపోయింది. బ్లేడు ఆ బుడిపె మీద కూర్చుని పైకీ కిందికీ ఊగుతోంది. అది గీకేశాక మొదటి బ్లేడే మళ్లీ పెట్టాను, ఇప్పటికీ అదే ఉంది.

మీరు చెప్పిన మూడు బాధలకూ కారణాలు మూడు. కానీ వాటిలో దడదడ సంగతి తేలకుండా మిగతా రెండింటి జోలికి వెళ్లకండి. చిత్రిక అంటే చివరికి బ్లేడును కదలకుండా పట్టుకునే దిమ్మ, అంతే. ఆ పట్టు సరిగ్గా లేనప్పుడు అడుగు ఎంత రుద్దినా లాభం లేదు, నోరు పెరగడం తప్ప. అది మీకు ఈపాటికే తెలిసింది.

దడదడ ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. చిన్నప్పుడు బడిలో స్కేలును బల్ల అంచున పెట్టి, ఒక చేత్తో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కొసను మీటేవాళ్లం గుర్తుందా? స్కేలు బయటికి ఎక్కువ జరిగితే బరువుగా దడదడమని ఊగేది, తక్కువ జరిగితే సన్నగా గీమనేది, ఇంకా లోపలికి జరిపితే అసలు ఊగేదే కాదు. మీ బ్లేడు కొస కూడా అలాంటి స్కేలే. చెక్క ఎదురు నెడుతుంటే కొస వెనక్కి వంగుతుంది, పొర తెగగానే తిరిగి ముందుకు లేస్తుంది, మళ్లీ వంగుతుంది. చెక్క మీద సమానమైన ఎడంతో పడ్డ ఆ అడ్డగీతలు ఈ ఊపు రాసిన రాతే. కొసకు దగ్గరగా కింద ఆసరా దొరికితే ఊపు ఆగిపోతుంది.

ఆ ఆసరా కచ్చితంగా ఎక్కడ ఉండాలో లెక్క వేసుకోండి. సాన పట్టిన ముఖం కిందివైపు ఉండేలా బ్లేడు పెడతాం కాబట్టి, ఆ ఏటవాలు ఉన్నంత మేర బ్లేడు దేనికీ ఆనదు, గాల్లోనే ఉంటుంది. 4 మి.మీ. బ్లేడుకు 30 డిగ్రీల సాన పెడితే కొస నుంచి దాదాపు 7 మి.మీ. వెనక్కి వెళితే గానీ వాలుకు ఆనే వెన్ను మొదలవదు. 45 డిగ్రీల వాలు మీద చూస్తే, ఆ చోటు అడుగుకు కేవలం 2 మి.మీ. పైన ఉంటుంది. అంటే వాలు మొత్తంలో అసలైన పని చేసేది అడుగును తాకబోయే ఆ చివరి రెండు మూడు మిల్లీమీటర్ల చెక్క. చూస్తే పల్చగా కత్తి అంచులా ఉంటుంది, ఉలి జారినా, గరుకు కాగితం రెండుసార్లు ఎక్కువ తగిలినా గుండ్రపడిపోతుంది. అది పోతే తర్వాతి ఆసరా ఎక్కడో పైన దొరుకుతుంది, స్కేలు బయటికి జరిగినట్టే.

మందం బ్లేడు అడిగారు కదా, అదీ ఇక్కడే తేల్చేద్దాం. 5 మి.మీ. బ్లేడు వేస్తే అది బలమైనదే, కానీ అదే సానతో గాల్లో ఉండే భాగం కూడా 9 మి.మీ. దగ్గరకు పెరుగుతుంది. వాలు సరిగ్గా ఉంటే మీ 4 మి.మీ. చాలు. 3 మి.మీ. అయినా నడుస్తుంది.

ఇక పరీక్ష. కాటుక తీసుకోండి. బ్లేడు వెన్ను మీద, అంటే వాలుకు ఆనే వైపు, వేలితో అతి పల్చగా పూయండి. లోహం రంగు కొంచెం కనిపిస్తూ ఉండాలి, మందంగా పూస్తే ప్రతిచోటా అంటుకుని అబద్ధం చెబుతుంది. పైరేకు బిగించి, బ్లేడును దాని చోట పెట్టి, బ్లేడును బిగించే చీల దించి, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ వేయండి. తీసి చూడండి. వాలు మీద నల్లగా అంటుకున్న చోట్లే బ్లేడును మోస్తున్నవి. కింద నోటి దగ్గర, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక నల్లని పట్టీ, పైన చివర ఇంకో పట్టీ కనిపిస్తే మీ వాలు బంగారం. మధ్యలో ఏమీ అంటుకోకపోయినా ఫరవాలేదు. నిజానికి మధ్యలో కాగితమంత గుంట ఉంటేనే నాకు ఇష్టం. మధ్యలో మాత్రమే నల్లగా ఉండి కింద తెల్లగా ఉంటే దొంగ దొరికినట్టే. కింద ఒక మూలే అంటుకుంటే వాలు మెలి తిరిగి ఉంది.

ఇంకొక చోటు కూడా చూడండి, చాలామంది చూడరు. పైరేకును బ్లేడుకు బిగించే స్క్రూ తల వెన్ను వైపు పొడుచుకొచ్చి ఉంటుంది. దానికోసం వాలులో ఒక గాడి తవ్వే ఉంటారు. ఆ గాడి అర మిల్లీమీటరు తక్కువ లోతు పడితే చాలు, బ్లేడు మొత్తం ఆ స్క్రూ తల మీదే నిలబడుతుంది. స్క్రూ తలకు కూడా కాటుక పూసి చూడండి. గాడి అడుగున నల్లమచ్చ కనిపిస్తే ముందు ఆ గాడిని లోతు చేసి, పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయండి. దాన్ని గమనించకుండా వాలు గీకితే మంచి వాలును చేజేతులా పాడుచేసుకున్నట్టవుతుంది. బ్లేడును లోపలికీ బయటికీ జరిపినప్పుడు స్క్రూ తల కూడా జరుగుతుంది కాబట్టి గాడి పొడవు కూడా కాస్త ఎక్కువే ఉంచండి.

గీకడానికి గరుకు కాగితం వద్దు. పుల్లకు కాగితం చుట్టి రుద్దితే చేయి తెలియకుండానే రెండు చివరలా ఎక్కువ నొక్కుతుంది. చివరలు అరిగి మధ్య ఉబ్బుతుంది, అంటే మనకు వద్దన్న ఆకారమే వస్తుంది. వెడల్పాటి ఉలిని బాగా పదును పెట్టి, నిటారుగా పట్టుకుని, నల్లమచ్చ మీద మాత్రమే మీ వైపు లాగుతూ గీకండి. దుమ్ములాంటి పొట్టు రాలుతుంది. మళ్లీ కాటుక, మళ్లీ బ్లేడు, మళ్లీ గీకుడు. పదిహేను ఇరవై సార్లు చేయాల్సి రావచ్చు. కింది 3 మి.మీ. అంచును మాత్రం చివరిదాకా ముట్టకండి. పైనున్న ఎత్తులు తగ్గేకొద్దీ బ్లేడే కిందికి దిగి ఆ అంచు మీద కూర్చుంటుంది. ఒక సాయంత్రం పని. విసుగొస్తే మానేసి మర్నాడు చేయండి, విసుగులో గీకిన ఒక్క గీకు పాతిక గీకుల పని పెడుతుంది.

వాలు కుదిరాక చీల, అడ్డకడ్డీ చూడాలి. మీ పద్ధతిలో గొంతుకు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, చీల దాని కింద దూరి బ్లేడును నొక్కుతుంది. ఇది చాలా పాత ఉపాయం. క్రీ.శ. 79లో బూడిదలో కూరుకుపోయిన పాంపేలో దొరికిన రోమన్ల చిత్రికల నాటికే బ్లేడును చీలతో బిగించడం ఉంది, ఆ కాలపు చిత్రికల్లో గొంతుకు అడ్డంగా ఇనుప కడ్డీ పెట్టేవారు. మన కాలంలో ఇంట్లో చేసుకునేవాళ్లకు దీన్ని మళ్లీ అలవాటు చేసినవాడు జేమ్స్ క్రెనోవ్. 1920లో సైబీరియాలో పుట్టి, స్వీడన్‌లో పని నేర్చుకుని, 1981 నుంచి కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో విద్యార్థులకు చెక్కపని నేర్పాడు. 2009లో పోయాడు. నిండు దిమ్మలో ఉలితో గొంతు తొలవడం ఏళ్ల తరబడి చేయి తిరిగిన వాళ్ల పని. దిమ్మను కోసి అతికించే పద్ధతిలో రంపం పట్టగలిగిన ఎవరైనా ఆ గొంతు చేసుకోవచ్చు. మీరు ఎంచుకున్న దారి సరైనదే.

మీ అడ్డకడ్డీ చెక్కదా, ఇత్తడిదా రాయలేదు. చెక్కదైతే, దాని రెండు చివరలూ గుండ్రంగా చేసి పక్క చెక్కల రంధ్రాల్లో దూర్చారా, జిగురు పెట్టి బిగించేశారా? బిగించేసి ఉంటే కడ్డీ చదును ముఖం చీల వాలుకు సరిపోకపోవచ్చు. అప్పుడు చీల ఒక పక్క మాత్రమే నొక్కుతుంది, రెండో పక్క బ్లేడు ఊగుతుంది. కడ్డీ తిరిగేలా ఉంటే చీల వచ్చి ఆనగానే అదే తిరిగి సర్దుకుంటుంది. జిగురు అంటుకుపోయి ఉంటే పట్టకారుతో మెల్లగా తిప్పి చూడండి, చాలాసార్లు వదిలేస్తుంది. వదలకపోతే చీలనే కడ్డీకి తగ్గట్టు గీకి సరిచేయాలి. అక్కడా కాటుకే.

చీల వెడల్పు గొంతు వెడల్పు కన్నా ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి. పక్క చెక్కలకు రాసుకుంటూ దిగే చీల బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ బిగిసింది పక్కలకే, బ్లేడుకు కాదు. పైగా అతుకులు విడిపోతాయి. చీల బ్లేడును కింది కొస దగ్గర ముందు తాకి, తర్వాత పైన తాకాలి. సరిగ్గా కూర్చున్నప్పుడు సుత్తి శబ్దం మారుతుంది. మొదటి రెండు దెబ్బలు మొద్దుగా, డప్డప్‌మంటాయి. మూడోదో నాలుగోదో టక్కుమని గట్టిగా మోగుతుంది. అక్కడ ఆపేయాలి. ఆ తర్వాత కొట్టే ప్రతి దెబ్బా దిమ్మను వంచుతుంది, నోటి వెనక అడుగు కిందికి ఉబ్బుతుంది.

ఇప్పుడు గొంతు నిండడం. దీనికి అందరూ చెప్పే కారణం నోరు ఇరుకని. మీ నోరు 3 మి.మీ. తెరుచుకుని ఉన్నా నిండుతోందంటే ఆ మాట మీకు చెల్లదు. నా అనుమానం పైరేకు మీద. పైరేకును బ్లేడుకు బిగించి, రెండింటినీ కలిపి దీపానికి అడ్డంగా పట్టుకుని, అవి కలిసే అంచు వెంట చూడండి. వెంట్రుకంత వెలుగు కనిపించినా చాలు, మొదటి పొర కొస ఆ సందులో దూరుతుంది, రెండోది దాని మీద ముడుచుకుంటుంది, నాలుగో తోపుకు గొంతు మూసుకుపోతుంది. మీరు చెప్పిన నాలుగు తోపుల లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. పైరేకు కింది అంచును సానరాయి మీద పెట్టి, వెనక భాగం రాయి కన్నా కాస్త దిగువకు ఉండేలా పట్టుకుని రుద్దండి. అలా చేస్తే ముందు అంచు మాత్రమే బ్లేడును తాకుతుంది, వెనక సన్నని ఖాళీ ఉంటుంది. వెలుగు పూర్తిగా ఆగిపోయేదాకా రుద్దాలి. పైరేకు పైముఖం కూడా నున్నగా మెరుగు పెట్టండి, పొర దాని మీదుగానే జారుకుంటూ పైకి వస్తుంది.

పైరేకు బాగానే ఉందనుకోండి, అప్పుడు చీల కింది కొస చూడండి. చాలామంది మొదటిసారి చీలను మొద్దుగా వదిలేస్తారు. పైకి వచ్చే పొర ఆ మొద్దు కొసకు గుద్దుకుని నలిగి ఉండ అవుతుంది. పైరేకు వంపు మీద ఒదిగిపోయేలా కొసను పల్చగా చెక్కండి. గొంతు మూలల్లో గట్టిపడ్డ జిగురు బొట్లుంటే ఉలి కొసతో తీసేయండి, ఒక్క బొట్టు చాలు పొరలు అక్కడ పేరుకోవడానికి. అడ్డకడ్డీకీ ముందు గోడకూ మధ్య వేలు దూరేంత జాగా ఉండాలి. లేకపోతే గోడ పైభాగాన్ని కడ్డీకి ఇంకా దూరంగా, ముందుకు వాల్చి చెక్కాలి. స్క్రూడ్రైవరుతో పొడిచి తీసే అలవాటుంటే మాత్రం మానండి, బ్లేడు కొస అక్కడే ఉంటుంది. సన్నని చెక్క పుల్లతో లాగండి.

నోటి కథకు వద్దాం. మీ వాలు 45, ముందు గోడ 60. అడుగు ఒక మిల్లీమీటరు తగ్గిస్తే వాలు వైపు నోరు ఒక మి.మీ., గోడ వైపు ఇంకో 0.6 మి.మీ. దాకా, మొత్తం 1.6 మి.మీ. తెరుచుకుంటుంది. అర మిల్లీమీటరు నోటితో మొదలై 3 మి.మీ.కి చేరారంటే మీరు అడుగు నుంచి మిల్లీమీటరున్నర పైనే రుద్దేశారు. చెమట బాగానే పట్టి ఉంటుంది. రుద్దేటప్పుడు బ్లేడు, చీల తీసేసి రుద్దారని కూడా పందెం కాస్తాను. అలా చదును చేసిన అడుగు, చీల బిగించగానే మళ్లీ వంగుతుంది, చిత్రిక తన ఆకారం మార్చుకుంటుంది. బ్లేడును కొస ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలే ఉండేలా పెట్టి, చీలను పనిలో ఎంత బిగిస్తారో అంతే బిగించి, అప్పుడు అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దాలి. అడుగు మీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి చూస్తే ఎక్కడ అరుగుతోందో తెలుస్తుంది. ముందు కొస, నోటికి ముందున్న పట్టీ, వెనక కొస, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో అక్కడక్కడా గీతలు మిగిలితే వదిలేయండి.

పెరిగిన నోటిని చిన్నది చేసే దారి ఉంది. నోటికి ముందు అడుగులో 6 మి.మీ. లోతున, పాతిక ముప్పై మిల్లీమీటర్ల పొడవున గుంట తీసి, గట్టి చెక్క ముక్కను నార పొడవునా వచ్చేలా అతికించి, నోటి వైపు ఆకురాయితో కొంచెం కొంచెంగా తెరవాలి. పాత చిత్రికలు తిరగేసి చూస్తే చాలావాటికి ఈ అతుకు కనిపిస్తుంది, సిగ్గుపడాల్సిన పనేం కాదు.

కానీ మీ స్థానంలో నేనుంటే అతుకు వేయను. 3 మి.మీ. నోరు నున్నటి పనికి దండగే గానీ, మొరటు చెక్కను మొదట దించడానికి అలాంటి నోరే కావాలి. మందపాటి పొరలు బయటికి రావాలి కదా. బ్లేడు అంచును తిన్నగా కాకుండా విల్లులా కొద్దిగా వంచి సాన పట్టండి, మధ్య కన్నా మూలలు ఒక మిల్లీమీటరు వెనక్కి ఉండేలా. పైరేకును కొసకు రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. ఏటవాలుగా, నారకు అడ్డంగా తోయండి. రంపం కోత గుర్తులున్న పలక మీద దాని పనితనం చూశాక ఈ చిత్రికను పారేయాలని అనిపించదు. కాటుక పని మాత్రం దీని మీదే పూర్తి చేయండి, ఎలాగూ రెండోది చేసేటప్పుడు ఆ చేయి కావాలి.

అవును, రెండోది చేయండి. టేకు పనికిరాదా అన్నారు. పనికిరాకపోవడమేం లేదు, తేమ మారినా పెద్దగా మెలి తిరగని చెక్క అది. కాకపోతే అందులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి రంపాన్నీ ఉలినీ త్వరగా మొద్దుబారుస్తుంది, జిడ్డు ఉంటుంది కాబట్టి జిగురు పట్టడానికి మొరాయిస్తుంది. అతికించే ముందు ఎసిటోనుతో తుడవాలి. ఇంకాస్త గట్టిది దొరికితే అడుగు ఎక్కువ కాలం నిలుస్తుంది. బీచ్, మేపుల్, చేవదేరిన తుమ్మ, ఏదైనా సరే. ఏ చెక్క అన్నదాని కన్నా అది ఎండిందా లేదా అన్నదే ముఖ్యం. దిమ్మను కాస్త పెద్దదిగా కోసి గదిలో ఉంచి వారానికోసారి తూచండి. మూడు వారాలు వరసగా బరువు మారకపోతే అది మీ గదికి అలవాటు పడ్డట్టు.

నార వాలు కూడా చూసుకోండి. పక్కనుంచి చూస్తే నార గీతలు ముందు కొస నుంచి వెనక కొసకు వెళ్తూ కిందికి దిగాలి. అప్పుడు తోసేకొద్దీ అడుగు నున్నబడుతుంది. తిరగేస్తే అడుగు పెచ్చులు లేస్తుంది. పిల్లి వీపు నిమిరినట్టే ఇదీ. ఇంకో సంగతి, మూడు ముక్కలూ ఒకే దిమ్మలోంచి కోయాలని పట్టు పట్టకండి. చేతి రంపంతో నిలువుకోత కోసి కోసి మొదటిసారే సగం ఓపిక అయిపోయి ఉంటుంది. మధ్యకు ఒక ముక్క, పక్కలకు 9 మి.మీ. పలకలు రెండు, అన్నింటి నారా ఒకే వైపు ఉంటే చాలు. మధ్య ముక్క మందం మీ 45 మి.మీ. బ్లేడుకు 47. మొత్తం వెడల్పు 65 వస్తుంది. పొడవు 250 మి.మీ. కావాలంటే మొదట 280 పెట్టుకోండి. ఆ ఎక్కువ పెట్టుకున్న పొడవు ఎందుకో చెబుతాను.

జిగురు పూసిన ముక్కలు క్లాంపు బిగించగానే సబ్బు మీద కాలేసినట్టు జారతాయి. ఎంత కొలిచి పెట్టినా జారతాయి. అందుకని జిగురు లేకుండా ముక్కలన్నీ సరిగ్గా పేర్చి, బ్లేడు కూడా పెట్టి చూసుకుని, క్లాంపు వేసి, రెండు చివరలా ఆ ఎక్కువ భాగంలో ఈ పక్కనుంచి ఆ పక్కకు రంధ్రాలు వేసి గుండ్రటి పుల్లలు దూర్చండి. మళ్లీ విప్పి, జిగురు పూసి, పుల్లల మీదే బిగించండి. ఆరాక ఆ చివరలు కోసి పారేయొచ్చు. అడ్డకడ్డీ రంధ్రాలు కూడా అతికించక ముందే వేసుకోవాలి. వాలుకు సమాంతరంగా, బ్లేడు, పైరేకు మందం పోను ఇంకో 10 మి.మీ. ఎడంగా ఒక గీత గీసి, ఆ గీత మీద అడుగుకు 35 మి.మీ. ఎత్తున కడ్డీ మధ్యబిందువు పెట్టండి. కడ్డీ లోపల పెట్టడం మరచిపోయి అతికించేసిన మహానుభావుడిని ఒకణ్ని నేనెరుగుదును, ప్రతిరోజూ అద్దంలో కనిపిస్తాడు.

వాలును అతికించక ముందే, చేయి ఆడేంత జాగా ఉన్నప్పుడే, మట్టం పెట్టి చూసుకుని చదును చేయండి. ఇప్పుడు గొంతులో ఉలి పెట్టి మీరు పడబోయే పాట్లన్నీ అప్పుడు అరగంటలో తీరిపోయేవి. ముందు గోడ కింది 5 మి.మీ. మాత్రం 60 డిగ్రీలు కాకుండా నిటారుగా ఉంచండి. అప్పుడు అడుగు ఒక మి.మీ. అరిగితే నోరు ఒక మి.మీ.యే తెరుచుకుంటుంది. అసలు అతికించేటప్పుడే నోరు మూసుకుని ఉండాలి. బ్లేడు దింపితే కొస అడుగుకు ఇంకా అర మిల్లీమీటరు లోపల ఉండగానే గోడకు తగలాలి. అడుగు చదును చేశాక, చిట్టచివర, ఆకురాయితో పొర దూరేంత తెరుచుకోండి. నున్నటి పనికి అర మి.మీ. లోపు చాలు. మీరు మొదటిసారి నోరు ముందు చేసి అడుగు తర్వాత రుద్దారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మెలి తిరిగిన నార ఉన్న గట్టి చెక్కతో ఎక్కువ పని ఉంటే వాలు 50 డిగ్రీలు పెట్టుకోవచ్చు. పెచ్చులు తక్కువ లేస్తాయి, తోయడం కాస్త బరువవుతుంది. పైరేకును కొసకు అర మిల్లీమీటరు లోపు దగ్గరకు జరిపితే 45 తోనే చాలావరకు నెట్టుకురావచ్చు కాబట్టి నేను 45 దాటి వెళ్లలేదు.

ఇనుప చిత్రిక కొనాలా అంటే, కొనుక్కోండి, తప్పేముంది? నా బల్ల మీద రెండూ ఉన్నాయి. మరతో బ్లేడు లోతు మార్చుకోవడం హాయి. చెక్కదానికి సుత్తి దెబ్బలే మర. బ్లేడు తల మీద కొడితే దిగుతుంది, దిమ్మ వెనక కొస మీద కొడితే లేస్తుంది, వెంటనే చీల ఒకసారి బిగించుకోవాలి. వారం రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. బదులుగా చెక్క చిత్రిక తేలిగ్గా ఉంటుంది, చెక్క మీద జారినట్టు పోతుంది, కింద పడితే పగలదు. కానీ దడదడకు మందుగా ఇనుపది కొంటానంటే మాత్రం ఒప్పుకోను. దానిలోనూ బ్లేడు ఒక వాలు మీదే కూర్చుంటుంది, అక్కడ రంగు పెచ్చో, చెత్తో ఉంటే అదీ దడదడలాడుతుంది. రందా అన్నా, తోపడ అన్నా, ఇనుపదైనా, కొయ్యదైనా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

కాటుక పని అయ్యాక కూడా అడ్డగీతలు తగ్గకపోతే వాలు ఫొటో, చీల రెండు పక్కల ఫొటోలు పంపండి. వాలు ఫొటో తీసేటప్పుడు దిమ్మను కిటికీ వైపు తిప్పి, గొంతులోకి వెలుగు పక్కనుంచి పడేలా పెట్టండి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఎత్తుపల్లాలు కనిపించవు. కాటుక మరకలు తుడవకుండానే తీయండి.